కొలనులో నావ, ఒడ్డున నావికుడు

రేడియో అనగానే మనకు మాట, పాట జ్ఞప్తికి వస్తాయి. ఎక్కడో పలికినది మన ఇంట వినబడడమే రేడియో అని అనుకొంటాము. కాని ఈ తరంగాలకు వినిపించడమే కాదు, పని చేయించడం కూడా తెలుసు. నిజానికి అవి పాట మోయడానికన్న ముందు పని చేయడమే నేర్చుకొన్నవి. 1895లో కలకత్తా టౌన్ హాలులో ఆచార్య జగదీశచంద్ర బోసు గారు ఒక ప్రయోగం చూపించారు. తంతి లేకుండా, గోడలు దాటి పోయిన విద్యుత్తరంగాలు అవతలి గదిలో ఒక గంటను మ్రోగించినవి. కొంచెం తుపాకిమందును పేల్చినవి. ఒకే తరంగం, రెండు పనులు. ఈ రెండింటిలో లోకం దేనిని ముందుగా అందుకొన్నదో ఆ తరువాతి యాభై ఏళ్ల చరిత్ర చెబుతుంది.

ఈ ప్రసంగం ఆ తుపాకిమందు తోవన కొంత దూరం నడిచి, చివరకు ఒక కొలను గట్టుకు చేరుతుంది. ఇంగ్లండులోను, అమెరికాలోను సెలవు దినాల ఉదయం ఉద్యానవనాలలోని కొలనుల గట్టున కొందరు వరుసగా నిలుచుండి ఉంటారు. చేతులలో చిన్న పెట్టెలు, చూపులన్నీ నీటిమీద. నీటిలో తెరచాప కట్టిన చిన్న నావలు, లోపల మనిషి లేకుండానే, గాలికి ఒరిగి ఒకదానినొకటి తరుముతుంటాయి. ఆ గట్టున నిలుచున్నవారిలో సైన్యంలోను, నౌకాదళంలోను, వైమానిక దళంలోను కొలువు చేస్తున్నవారు, చేసి విరమించినవారు కూడా ఉంటారు. తుపాకులు, ఓడలు, విమానాలు చూచిన పెద్దలకు ఈ బొమ్మ నావలతో పని ఏమి అని ఎవరైనా అడగవచ్చు. వినోదం అని ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకోవచ్చును. కాని వారి చేతిలోని ఆ పెట్టె ఎక్కడనుండి వచ్చినదో తెలిసినవారికి ఆ జవాబు చాలదు.

ఆ పెట్టెకు మూలపురుషుడు నికొలా టెస్లా. 1898లో న్యూయార్కు నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆయన నీటితొట్టి ఒకటి ఏర్పాటు చేసి, అందులో సుమారు నాలుగడుగుల ఇనుప పడవను వదిలాడు. ప్రేక్షకులకు పడవ కనబడుతున్నది, టెస్లా కనబడుతున్నాడు, నడుమ తాడు గాని తంతి గాని కనబడలేదు. ఆయన మీట తిప్పితే పడవ తిరిగినది, దీపాలు వెలిగి ఆరినవి. అరవై నాలుగుకు ఘనమూలం ఎంత అని ఎవరో అడిగితే పడవ మీది దీపం నాలుగుసార్లు మిణుకుమన్నదని చెబుతారు. జవాబు చెప్పినది పడవ కాదు, పడవ యజమాని అని మనకు తెలుసు. చూచిన వారిలో కొందరు మాత్రం లోపల ఏదో ప్రాణి దాగి ఉన్నదనే అనుకొన్నారట. రేడియో అనే మాటే జనానికి తెలియని రోజులవి.

ఆ సంవత్సరం నవంబరు 8వ తేదీన టెస్లాకు ఆ యంత్రంపై అమెరికాలో పేటెంటు లభించినది. ఆ పత్రంలో ఆయన వ్రాసిన ప్రయోజనాలలో కొన్ని శాంతికి సంబంధించినవి: దూరప్రాంతాలకు ఉత్తరాలు, సామానులు చేరవేయవచ్చును, తిమింగలాల వేట చేయవచ్చును అని. కాని అన్నిటికంటె పెద్ద ప్రయోజనం యుద్ధంలోనే అని ఆయన అభిప్రాయం. అంతటి వినాశం చేయగల ఆయుధం అందరి చేతికీ వస్తే దేశాలు భయపడి యుద్ధాలే మానుకొంటాయని ఆయన ఆశ. ఈ ఆశను ఆయన తరువాత కూడా చాలామంది శాస్త్రజ్ఞులు పెట్టుకొన్నారు. ఏ ఒక్కరి విషయంలోను అది పూర్తిగా ఫలించలేదు. స్పెయిన్‌తో అమెరికా యుద్ధం చేసిన సంవత్సరం కూడా అదే. అయినా టెస్లా తన పరికరాన్ని ప్రభుత్వానికి ఇవ్వజూపినప్పుడు వాషింగ్టనులో ఒక అధికారి పకపక నవ్వాడట. ఈ సంగతి టెస్లాయే తన స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు.

నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. 1906లో స్పెయిన్ దేశపు ఇంజనీరు టోరెస్ కెవెడో బిల్బావో రేవులో, రాజు పదమూడవ అల్ఫోన్సో సమక్షంలో, మనుషులు కూర్చున్న పడవను గట్టునుండి రేడియోతో నడిపి చూపాడు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లు పేలుడుమందు నింపిన వేగపు పడవలను ఒడ్డునుండి నడిపించారు. అవి రేడియోకు బదులు వెనుక విప్పుకొంటూ పోయే పొడవైన తంతితో నడిచినవి. 1917 అక్టోబరు 28న అటువంటి పడవ ఒకటి బెల్జియం తీరాన బ్రిటిష్ యుద్ధనౌక ఎరెబస్‌ను తాకి పేలినది. నౌక మునగలేదు గాని ప్రాణనష్టం కలిగినది.

యుద్ధం ముగిసిన తరువాత ఒక విచిత్రం జరిగినది. కాలం చెల్లిన పెద్ద పెద్ద యుద్ధనౌకలను రేడియోతో నడిచే లక్ష్యాలుగా మార్చారు. అమెరికా వారి అయొవా అనే నౌకను మనిషి లేకుండా నడిపించి, 1923లో మిసిసిపీ అనే మరొక యుద్ధనౌక గుండ్లతో ముంచివేశారు. బ్రిటిష్ వారి సెంచూరియన్ నౌకకు 1926-27 ప్రాంతంలో ఈ గతి పట్టినది. ఆరువందల అడుగులకు రెండడుగులు మాత్రమే తక్కువైన ఆ ఓడనుండి నావికులందరు దిగిపోయేవారు. షికారీ అనే చిన్న డిస్ట్రాయరు దూరాన నిలిచి దానిని నడిపేది. మిగతా నౌకలు దానిమీద గురి అభ్యసించేవి. ఇంతకంటె పెద్ద బొమ్మనావ లోకంలో లేదనే చెప్పవచ్చును.

తరువాతి మెట్టులో వినోదం ఏమీ లేదు. 1943 ఆగస్టు 27న బిస్కే అఖాతంలో జర్మను విమానం ఒకటి రేడియోతో నడిచే బాంబును వదిలి బ్రిటిష్ నౌక ఈగ్రెట్‌ను ముంచినది. ఇంచుమించు రెండువందలమంది నావికులు మరణించారు. నడిపిన చేయి విమానంలో క్షేమంగా ఉన్నది. ఒక చిన్న మీటను కుడికి ఎడమకు కదిలించడమే ఆ చేయి చేసిన పని. కొలను గట్టున నిలిచినవారి చేతిలోని మీట కూడా అటువంటిదే. ఈ పోలికను నేను కావాలని తెచ్చినది కాదు, యంత్రశాస్త్రమే తెచ్చినది. నడిపేవాడు ఒకచోట, నడిచేది మరొకచోట. టెస్లా కనిపెట్టినదంతా ఇదే.

ఇప్పుడు యుద్ధాన్ని విడిచి కొలనుల దగ్గరకు పోవాలి. రేడియోకు సంబంధం లేకుండానే ఇంగ్లండులో నమూనా నావల పందెం చాలాకాలంగా ఉన్నది. లండనులో కెన్సింగ్టన్ ఉద్యానంలోని గుండ్రని కొలనులో 1876 నుండి ఒక సంఘం ఈ పందాలు జరుపుతూ వచ్చినది. 1911లో దేశవ్యాప్తమైన సంఘము, 1927లో అంతర్జాతీయ సంఘము ఏర్పడినవి. పిల్లల ఆటగా మొదలై పెద్దల చేతిలో పడిన అనేక విద్యలలో ఇది ఒకటి. పందెపు నావలలో పెద్దవి ఇరవై కిలోల పైచిలుకు బరువు తూగేవి. వాటి అడుగున సీసపు దిమ్మ, పైన మనిషి ఎత్తును మించిన తెరచాప. వాటిని నిర్మించడానికి ఒక శీతకాలమంతా పట్టేది.

ఆ నావలకు నడిపేవాడు లేడు. గట్టున వదిలే ముందే గాలిని చూచి, తెరచాప ఎంత బిగించాలో, చుక్కాని ఎంత తిప్పాలో నిర్ణయించి వదలాలి. ఆ తరువాత అది గాలి పాలు. యజమాని చేతిలో పొడవైన కర్ర పట్టుకొని గట్టువెంట పరుగెత్తుతాడు. నావ గట్టును సమీపించగానే కర్రతో మెల్లగా మళ్లించి మళ్లీ లోపలికి పంపుతాడు. ఎదురు గట్టున అతని సహాయకుడు మరొకడు పరుగెత్తుతుంటాడు. రెండేసి నావలు జతగా పోటీ చేస్తాయి. గాలికి ఎదురుగా పోయే పరుగులో గెలిస్తే మూడు పాయింట్లు, గాలివాలున గెలిస్తే రెండు. గాలికి ఎదురు పోవడం ఎంత కష్టమో ఈ లెక్కే చెబుతుంది.

మన గోదావరి పడవల సరంగులకు ఈ మర్మం వివరించనక్కరలేదు. గాలి వెనుకనుండి వీస్తే ఏ చాపైనా పడవను తోస్తుంది. ఎదురుగా వీచే గాలిలోకి సూటిగా ఏ పడవా పోలేదు. ఏటవాలుగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు కోసుకొంటూ పోవాలి. ప్రతి మలుపులోను ఒక క్షణం చాప ఖాళీగా కొట్టుకొంటుంది. ఆ క్షణంలో చేయి తడబడితే పడవ నిలిచిపోతుంది. పందెం గెలవడం, ఓడడం చాలావరకు ఆ మలుపుల్లోనే తేలిపోతుంది.

మనిషి లేని నావకు ఈ నేర్పు అలవరచడానికి ఎన్నో ఉపాయాలు పన్నారు. ఇరవైయవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో జార్జి బ్రెయిన్ అనే ఆయన తెరచాప తాటి లాగుడుతోనే చుక్కానిని తిప్పే ఏర్పాటు చేశాడు. గాలి తెప్ప విసిరితే తాడు బిగుస్తుంది, తాడు చుక్కానిని లాగుతుంది, నావ దారి సరిదిద్దుకొంటుంది. 1930లలో నార్వే దేశస్థుడు సాం బెర్గె ఇంగ్లండు పోటీలకు తన నావపై గాలికోడివంటి చిన్న రెక్కను అమర్చి తెచ్చాడు. గాలి దిక్కు మారితే రెక్క మారుతుంది, రెక్క చుక్కానిని మారుస్తుంది. చూచిన తక్కినవారికి తమ కాలం మారిపోయినదని అర్థమైనది. కొద్ది ఏళ్లలో ఆ రెక్క లేని పందెపు నావ అరుదైపోయినది.

ఈ పోటీలకు పేరుపొందిన ఊళ్లలో ఒకటి గోస్‌పోర్టు. ఇది పోర్ట్స్‌మత్ నౌకాశ్రయానికి ఎదురొడ్డున ఉన్న ఊరు. ఒక వైపు ఒకప్పటి బ్రిటిష్ నౌకాదళపు జలాంతర్గాముల స్థావరం. మరొక వైపు 1753 నుండి 2009 వరకు గాయపడిన నావికులకు చికిత్స చేసిన హాస్లర్ ఆస్పత్రి. ఊరి నడుమ నమూనా నావల కొలను. నావికుడు ఎక్కే ఓడ, నావికుడు పడుకొనే మంచం, నావికుడు ఆడుకొనే కొలను నడిచిపోయే దూరంలో ఉన్న ఊరు అది. ఆ మూడింటి నడుమ ఉన్న బంధుత్వమే ఈ ప్రసంగానికి అసలు విషయం.

రెండవ ప్రపంచయుద్ధం ఈ రెండు కథలను ఒకచోట కలిపినది. యుద్ధానికి ముందే, 1938లో, అమెరికాలో ఆర్.కె.61 అనే చిన్న వాల్వు అమ్మకానికి వచ్చినది. నమూనా విమానాలను, పడవలను రేడియోతో నడపడానికే దానిని రూపొందించారు. తేలిక బరువు, కొద్దిపాటి బ్యాటరీ, ఒక్క వాల్వుతోనే గ్రాహకయంత్రం. ఆ విద్యను యుద్ధం తన చేతిలోకి తీసుకొన్నది. తీసుకొని, వేలమంది సైనికులకు రేడియో, రాడార్ పనులు నేర్పినది. యుద్ధం ముగియగానే వారందరు ఇళ్లకు వచ్చారు. వారి వెంటనే సైన్యానికి అక్కరలేని వాల్వులు, రిలేలు, మోటారులు, బ్యాటరీలు గుట్టలుగా అంగళ్లకు వచ్చినవి. లండనులో లైల్ వీధి అటువంటి అంగళ్లకు పేరుమోసినది. ఒకనాడు బాంబరు విమానంలో ఉండవలసిన పరికరం కొన్ని షిల్లింగులకు చేతికి వచ్చేది. విద్య తెలిసినవాడు, సరుకు చవక, సాయంకాలం ఖాళీ. ఈ మూడు కూడినచోట ఏదో ఒకటి పుట్టక మానదు.

సైన్యానికి, ఈ అభిరుచికి వారధిగా నిలిచిన వారిలో లెఫ్టినెంట్ కర్నల్ సి. ఇ. బౌడెన్‌ను చెప్పుకోవాలి. బ్రిటిష్ సైన్యంలో అధికారిగా ఉంటూనే 1930లలో ఆయన పెట్రోలు ఇంజనుతో ఎగిరే నమూనా విమానాలను ప్రచారంలోకి తెచ్చాడు. ఆ తరువాత నమూనా నావల నిర్మాణం మీద కూడా పుస్తకం వ్రాశాడు. ఇంజను మోత మరిగినవాడు చివరకు గాలితో మాత్రమే కదిలే నావల వైపు తిరిగాడన్నమాట. ఇటువంటి తిరుగుదల ఈ రంగంలో తరచు కనబడుతుంది.

1950లలో బ్రిటిష్ ప్రభుత్వం నమూనాలను నడపడానికి 27 మెగాసైకిళ్ల చుట్టూ ఒక పట్టీని ప్రత్యేకించి లైసెన్సులు ఇచ్చినది. మెగాసైకిళ్లనే ఇప్పుడు మెగాహెర్ట్జ్ అంటున్నాము. ఆ పట్టీనే ఆస్పత్రులలో ఒంటికి వేడి పట్టే యంత్రాలు కూడా వాడుకొనేవి. నాటి పరికరాల తీరు ఇప్పటివారికి నవ్వు తెప్పించవచ్చు. రబ్బరు పట్టీని మెలిపెట్టి నావలో అమర్చేవారు. ఒక్కొక్క రేడియో సంకేతానికి ఆ రబ్బరు ఒక్కొక్క మెట్టు విప్పుకొనేది. మొదటి నొక్కుకు చుక్కాని కుడికి, తరువాత నడిమికి, తరువాత ఎడమకు, మళ్లీ నడిమికి. ఎన్ని నొక్కులు నొక్కామో మరచిపోతే నావ ఎటు తిరుగుతుందో బ్రహ్మకే ఎరుక. టెస్లా పడవలో కూడా ఇంచుమించు ఇదే పద్ధతి: సంకేతానికి ఒక మెట్టు చొప్పున తిరిగే చక్రం. అర్ధశతాబ్దం గడిచినా, రెండు యుద్ధాలు జరిగినా, కొలను గట్టున మనిషి టెస్లా నిలిచినచోటనే నిలిచి ఉన్నాడు. 1960లలో చేతి మీట ఎంత కదిలితే చుక్కాని అంతే కదిలే పరికరాలు వచ్చిన తరువాత గాని అసలైన పందెం సాధ్యం కాలేదు.

ఇంజను పడవకన్న తెరచాప నావకు రేడియో అమర్చడం కష్టం. నావను తోసే బలం గాలిది; రేడియో చేసేవి రెండే పనులు. ఒకటి చుక్కానిని తిప్పడం, రెండవది తెరచాప తాళ్లను బిగించడం, వదలడం. చాపమీద గాలి లాగుడు బలమైనది. అందుచేత తాడును చుట్టే మోటారు చిన్నదైనా గట్టిదై ఉండాలి, త్వరగా పని చేయాలి, నీరు తగిలినా చెడకూడదు. దీనికోసం మంచి మంచి సాంకేతిక నిపుణులే తంటాలు పడ్డారు.

పాత పద్ధతివారికి ఈ మార్పు రుచించలేదు. గాలిని ముందుగా చదివి నావను వదలడమే విద్య, వదిలిన తరువాత సరిదిద్దుకొనేది విద్య ఏమిటి అని వారి వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కర్రతో పరుగెత్తే ఆ పందెం నేటికీ పూర్తిగా అంతరించలేదు. ఇంగ్లండులో కొందరు నిష్ఠగా సాగిస్తున్నారు. కాని రేడియో తీసివేసినది నేర్పును కాదు, పరుగును. ఆ పరుగు తీసివేయడం వల్లనే ఎందరికో గట్టున చోటు దొరికినది. యౌవనం గడిచినవారు, మోకాళ్లు సహకరించనివారు, అసలు కాళ్లే లేనివారు పందెంలోకి రాగలిగారు. నా మట్టుకు నాకు ఈ లాభం ఆ నష్టానికి మించినదనే తోస్తుంది.

1948 జూలై 29న, లండను ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన రోజుననే, స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ వెన్నెముక దెబ్బతిన్న పదహారుమంది సైనికోద్యోగులకు చక్రాల కుర్చీలలోనే విలువిద్య పోటీ పెట్టాడు. వారిలో ఇద్దరు స్త్రీలు. వికలాంగులకు వేరే పోటీ కావాలని ఆయన చూపిన మార్గం నేటి పారాలింపిక్ క్రీడలకు దారితీసినది. అది గొప్ప మార్గమే. అయితే రేడియో నావల పందెంలో వేరే పోటీ అక్కరలేదు. గట్టున చక్రాల కుర్చీలో కూర్చున్నవాడు, నిలుచున్నవాడు ఒకే పందెంలో, ఒకే నియమాల క్రింద, ఏ రాయితీ లేకుండా తలపడతారు. పెట్టెమీద మీటలు రెండు. వాటి పనిని ఒకే మీటకు కూడా మార్చవచ్చు: పక్కలకు కదిలిస్తే చుక్కాని, పైకి క్రిందికి కదిలిస్తే చాప. కనుక ఒక చేయి యుద్ధంలో పోగొట్టుకొన్నవాడు కూడా నావ నడపగలడు. నడిపేవాడు ఒకచోట, నడిచేది మరొకచోట అన్న టెస్లా సూత్రం యుద్ధంలో నడిపేవాడిని ప్రమాదానికి దూరంగా ఉంచడానికి ఉపయోగపడినది. ఇక్కడ, పడవ ఎక్కలేనివాడికి పడవనే తెచ్చి అప్పగించడానికి ఉపయోగపడుతున్నది.

దీనిని వైద్యమని చెప్పడానికి నాకు అధికారం లేదు. యుద్ధాల తరువాత ఆస్పత్రులలో గాయపడిన సైనికుల చేత నమూనాలు, చేతిపనులు చేయించడం పాత అలవాటే. గాయపడిన చేతికి మళ్లీ పని అలవాటు చేయడమే దాని ఉద్దేశ్యం. నావ తయారుచేయడంలో అది ఉన్నది. పందెంలో ఉన్నది మరొకటి. అది చూడడానికి గట్టున పావుగంట నిలిస్తే చాలు.

ఓడలో చుక్కాని పట్టినవాడికి గాలి చెంపకు తగిలి తెలుస్తుంది, ఓడ ఒరుగు పాదాలకు తెలుస్తుంది. గట్టున ఈ రెండూ ఉండవు. గట్టున తగిలే గాలి వేరు, నూరు గజాల దూరాన నీటి నడుమ ఉన్న గాలి వేరు. నీటిమీద నల్లగా పాకి వచ్చే సన్నని ముడతను చూచి గాలి తెప్ప వస్తున్నదని గ్రహించాలి. ముప్పై ఏళ్లు సముద్రంమీద గడిపినవాడు కూడా మొదటిరోజున ఒక చోట తప్పక పొరబడతాడు. నావ తననుండి దూరంగా పోతున్నప్పుడు దాని కుడి తన కుడి. అది తన వైపు తిరిగి వస్తున్నప్పుడు దాని కుడి తన ఎడమ. తన శరీరాన్ని మరచి, ఆ చిన్న నావలో కూర్చున్నట్లు తలచుకొంటే తప్ప చేయి సరిగా ఆడదు. కొందరు నావ వస్తున్న దిక్కుకు వీపు సగం తిప్పి, భుజంమీదుగా చూస్తూ నడుపుతారు. చూచేవారికి వింతగానే ఉంటుంది గాని, కొత్తవారికి అది పనికివచ్చే ఉపాయమే. ఈ పని చేస్తున్నంతసేపు మరొక ఆలోచనకు తావుండదు. తలలో వద్దన్నా తిరిగే సంగతులు ఉన్నవారికి ఇరవై నిమిషాలపాటు తావు లేకపోవడం చిన్న విషయం కాదు.

పందెపు నియమాలు పెద్ద నావలవే. ప్రపంచమంతటా తెరచాప పందాలకు ఉన్న నియమావళికే రేడియో నావలకోసం ఒక అనుబంధం చేర్చారు. కుడిపక్క గాలి పట్టిన నావకు ఎడమపక్క గాలి పట్టిన నావ దారి ఇవ్వాలి. గుర్తుగా నీటిలో వేసిన బుడ్డిని తాకితే తాకినవాడే ఒప్పుకొని, తన నావను ఒక చుట్టు తిప్పి శిక్ష తీర్చుకోవాలి. నావలో మనిషి లేడు కనుక, హెచ్చరిక కావలసినవాడు చాపమీది సంఖ్యలను బిగ్గరగా పిలుస్తాడు. పిలిచేది పేరు కాదు, హోదా కాదు, సంఖ్య మాత్రమే. కమాండరు నావ తప్పుచేసినా, కళాసీ నావ తప్పుచేసినా అదే చుట్టు. సైనిక జీవితమంతా సెల్యూట్ల మధ్య గడిపినవారికి ఇందులో ఉన్న హాయిని మనం ఊహించుకోవాలి. నావలు ఎక్కువైనప్పుడు వాటిని జట్లుగా విడదీసి, ఓడినవారిని క్రింది జట్టుకు, గెలిచినవారిని పై జట్టుకు మార్చే ఏర్పాటు ఒకటి ఉన్నది. దాని ఇంగ్లీషు పేరును పొడి అక్షరాలలో హెచ్.ఎం.ఎస్. అంటారు. బ్రిటిష్ యుద్ధనౌకల పేర్ల ముందు ఉండే అక్షరాలు కూడా అవే. ఇది కాకతాళీయమే, కాని నౌకాదళం వారికి మంచి పరిహాసం.

రేడియో తెచ్చిన చిక్కు ఒకటి చాలాకాలం బాధించినది. మీ ఇంటి రేడియోలో ఒకే చోట రెండు స్టేషన్లు కలిసిపోతే ఏమవుతుందో మీకు తెలుసు. కొలనులో అలా కలిస్తే ఒకరి మీటకు మరొకరి నావ తిరుగుతుంది. 27 మెగాసైకిళ్ల పట్టీలో మొదట ఆరు చోట్లే ఉండేవి. వాటికి గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం రంగులు గుర్తుగా పెట్టారు. ఎవరి రంగు రిబ్బను వారు పెట్టె కొమ్ముకు కట్టుకోవాలి. గట్టున పలకమీది ఆ రంగు గుర్తు తీసుకొన్న తరువాతనే పెట్టె మీట వేయాలి. మరచి మీట వేసినవాడు ఎదుటివాని పందెం పాడుచేసినట్లే. ఇరవైఒకటవ శతాబ్దపు తొలి దశకంలో 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు వచ్చి, ఎవరి పెట్టె ఎవరి నావను మాత్రమే గుర్తించే ఏర్పాటు జరిగిన తరువాత రిబ్బన్లు, పలకలు పోయినవి.

నావలు కూడా చిన్నవైనవి. 1930లలో అమెరికాలోని మార్బుల్‌హెడ్ అనే రేవు పట్టణంలో యాభై అంగుళాల పొడవు, ఎనిమిదివందల చదరపు అంగుళాల చాప అనే రెండే ముఖ్య కొలతలతో ఒక తరగతి ఏర్పడినది. అది కారులో పట్టేది. 1988లో అంతర్జాతీయ సంఘం ఒక మీటరు తరగతిని రూపొందించినది. దానికి నాలుగు కిలోలకు తగ్గని బరువు, గాలి బలాన్నిబట్టి మార్చుకొనే మూడు చాపల జతలు. ఖరీదైన పదార్థాలతో ఒకరినొకరు మించిపోకుండా అందులో కట్టుబాట్లు పెట్టారు. 2010లలో అరవై అయిదు సెంటీమీటర్ల డ్రాగన్ ఫోర్స్ నావలు వచ్చినవి. అన్నీ ఒకే అచ్చులో తీసినవి. మూడేళ్లకొకసారి బదిలీ అయ్యే సైనికోద్యోగికి ఇది ఎంత అనుకూలమో వేరే చెప్పాలా? పెద్ద పడవ కావాలంటే రేవు కావాలి, తోటి నావికులు కావాలి, పెద్ద జీతం కావాలి. ఇది పెట్టెలో పట్టుతుంది, ఏ శిబిరం పక్కనైనా ఒక చెరువు ఉంటే చాలు.

చెరువులకు, సైనికులకు మన ప్రాంతంలో కొదవ లేదు. హైదరాబాదు హుస్సేన్ సాగరంలో సైన్యపు ఇ.ఎం.ఇ. విభాగం వారి సంఘం మనుషులు ఎక్కే తెరచాప పడవల పందాలను నడుపుతూ వచ్చినది. రేడియోలను, యంత్రాలను మరమ్మతు చేసే విభాగం వారే తెరచాప పట్టుకోవడం గమనింపదగినది. 1952లో మొదలైన ఎన్.సి.సి. నౌకా విభాగంలో ఓడల నమూనాలు చేయడం పోటీ అంశాలలో ఒకటి. విశాఖపట్నంలో, కాకినాడలో కాలేజీ కుర్రవాళ్లు, అమ్మాయిలు యూనిఫారాలు వేసుకొని ఉలి, అరం, ఇసుక కాగితం పట్టి కొయ్యను చెక్కుతుంటారు. కాకినాడకు చేరువనే ఉన్న తాళ్లరేవు, కోరంగి ఒకనాడు నిజమైన తెరచాప ఓడలను చెక్కి సముద్రంలోకి పంపిన ఊళ్లు.

చివరగా, వినేవారు తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. పందెం నడుమ బ్యాటరీ అయిపోయి, లేదా నావ మరీ దూరం పోయి, తరంగం అందకపోతే ఏమవుతుంది? ఇంజను పడవ అయితే ఎక్కడో గుద్దుకొనేవరకు పోవచ్చును. తెరచాప నావకు ఆ దిగులు తక్కువ. మీట పలకనప్పుడు నావ కొంతసేపు తన ఇష్టం వచ్చినట్లు తిరిగి, చాప కొట్టుకొంటూ, గాలివాలున మెల్లగా కొట్టుకొనిపోయి ఆవలి గట్టు రెల్లులో ఆగుతుంది. నావ యజమాని గాలి ఏ మూలకు వీస్తున్నదో చూచుకొని ఆ మూలకు చేరుకొంటాడు. నడవలేనివాడైతే పక్కవాడు పోతాడు. రబ్బరు బూట్లు తొడుక్కొని మోకాలిలోతు నీటిలోకి దిగి, నావను ఎత్తి, అడుగున చుట్టుకొన్న నాచు తీసివేసి, లోపల చేరిన నీరు వంచి, తెచ్చి యజమాని ఒళ్లో పెడతాడు. తరువాతి పందానికి ఇంకా అయిదు నిమిషాలు ఉంటుంది.